మిలిటరీ పక్కన రాయని మాట

వాల్టర్ గారి గరాజులో కారుకి చోటు లేదు. ఎండైనా వానైనా ఆ కారు బయటే ఉంటుంది. లోపల మూడు గోడలకీ అరలు, అరల నిండా పాత సైనికుల సామాను: నీళ్ళ సీసాలు, వీపు సంచులు, నడుం పట్టీలు, మడత పారలు, అన్నం తినే గిన్నెలు. అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో మా ఇంటికి ఎదురిల్లు ఆయనది. సైన్యంలో సామాను కొట్టు చూసే పని చేసి రిటైరయ్యారు. ఎవరైనా తాతల నాటి వస్తువు పట్టుకొస్తే అది ఏ సైన్యానిదో, ఏ ఏటిదో చెప్పడం ఇప్పుడాయనకి కాలక్షేపం. ఆయన పద్ధతి మా మనవరాలు రియాకి బాగా పట్టుబడింది. ముందు వాసన చూడాలి, తర్వాత కుట్టు, తర్వాత గుండీలు, ఆ తర్వాతే దాని మీద అచ్చు కొట్టిన అక్షరాలు. సంచి లోపలి లేబుల్ మీద పొడుగాటి కాంట్రాక్టు నంబరు ఉంటే దాని మధ్యలోని రెండంకెలు ఆ సంచి పుట్టిన ఏడాది అని పదేళ్ళ ఆ పిల్ల నాకు పాఠం చెప్పింది. చూసిన ప్రతి వస్తువుకీ వాల్టర్ గారు ఒక చిన్న అట్టముక్క రాసి దారంతో కడతారు. దాని మీద మూడే లైన్లు: ఏమిటిది, ఎప్పటిది, ఎవరు మోశారు.

రియా బళ్ళో పిల్లలందరినీ ఇంటి నుంచి ఒక పాత వస్తువు తెచ్చి దాని కథ చెప్పమన్నారు. ఇది క్షణం ఆలోచించకుండా నా అలమరలో అడుగు అరలో, చీరల మధ్య దాచిన మా నాన్న అల్యూమినియం నీళ్ళ సీసా తీసుకుని ఎదురింటికి పరుగెత్తింది. ఆ పూట నేను గుడికి వెళ్ళాను. ఇంట్లో ఉంటే ఏదో ఒక వంక పెట్టి ఆపేదాన్ని. మర్నాడు పొద్దున చెత్త డబ్బా లోపలికి తోసుకుంటూ వాల్టర్ గారు నన్ను చూసి ఆగారు. ఒకసారి గరాజులోకి వస్తారా అన్నారు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే. నాకు గుర్తుండిపోయింది మాత్రం తెలుగులోనే.

"మిస్ లక్ష్మీ, పిల్ల ముందు అడగడం బాగుండదని మిమ్మల్ని పిలిచాను. ఈ సీసా మీ నాన్నగారికి ఇండియా సైన్యం ఇచ్చిందని, అడుగున ఉన్న యు.ఎస్. ఆయన పేరులోని అక్షరాలని రియా చెప్పింది. ఇది మా దేశపు సీసా. రెండో యుద్ధంలో మావాళ్ళు మోసింది. ఇదిగో యు.ఎస్., దాని కింద తయారు చేసినవాళ్ళ గుర్తు, ఏడాది. పైన తొడిగిన ఖాకీ గుడ్డ నాకు తెలిసిన ఏ సైన్యానిదీ కాదు. మంచి దర్జీ కుట్టాడు గానీ చొక్కా గుండీలు పెట్టాడు."

ఆయన సీసాని వెలుగులోకి వంచి బొటనవేలితో పక్కకి చూపించారు. "ఇక్కడ చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరం ఒకటుంది, మీ భాషది. దాని పక్కన ఇంకోటి ఉండేది. ఎవరో రాతి మీద రుద్ది చెరిపేశారు. వాడకంలో అరిగితే గీతలు అన్ని వైపులా పడతాయి. ఇవన్నీ ఒకే వైపుకున్నాయి. పట్టుబట్టి చెరిపారన్నమాట. మీ నాన్నగారు ఎందుకు చెరిపారో మీకేమన్నా తెలుసా?"

తెలియదన్నాను. డెబ్బై దాటిన దాన్ని, మనవరాలి గాజుల సైజు ఎంతో రోజూ మర్చిపోయేదాన్ని, ఈ అబద్ధం మాత్రం తడుముకోకుండా చెప్పాను. ఆయన నా ముఖం వైపు ఒక క్షణం చూసి, చూపు సీసా మీదికి మార్చుకున్నారు. "రేపు సాయంత్రం కార్డు రాయించుకోవడానికి రియా వస్తానంది. మూడో లైను మీరు చెప్పండి. మీరేం చెబితే అదే రాస్తాను" అన్నారు. మర్యాదస్తుడు. ఆయన మర్యాద చూసి నాకు ఇంకా సిగ్గేసింది. సరిగ్గా ఇలాగే, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, నా అబద్ధానికి ఇంకొక మనిషి కూడా చోటిచ్చారు. ఆయన మా నాన్న.

మా నాన్న పేరు ఉప్పల సుబ్బయ్య. గుంటూరు వెళ్ళే రోడ్డు మీద, లారీలు ఆగే చిన్న ఊళ్ళో ఆయనకి మిలిటరీ హోటల్ ఉండేది. మాంసం వండి పెట్టే భోజనాల కొట్టుకి ఆ రోజుల్లో మా వైపు అదే పేరు. సైన్యంలో మాంసం పెడతారు కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరనేవారు, ఎందుకొచ్చిందో నాన్నకీ తెలియదు. ఆయన ఏ సైన్యంలోనూ పనిచేయలేదు. తుపాకి ముట్టుకున్నది లేదు. కానీ బోర్డు మీద మిలిటరీ అని రాయించాక లోపల అలాంటిదేదో ఒకటి కనిపించకపోతే బాగుండదని ఆయనకి తోచింది. లారీ ఎక్కి మద్రాసు వెళ్ళి, యుద్ధం అయ్యాక సైన్యాలు వదిలేసిన సరుకు అమ్మే బజారులో తిరిగి, మూట కట్టుకొచ్చారు. డిస్పోజల్స్ సరుకు అనేవారు దాన్ని. అందులో డజను అల్యూమినియం తిండి గిన్నెలు, రెండు బెల్టులు, ఒక కాన్వాసు సంచి, ఈ నీళ్ళ సీసా ఉన్నాయి. బోర్డు రాసే అతను తలుపు పక్కన తుపాకి పట్టుకున్న సిపాయి బొమ్మ వేశాడు. ఎదురుగా నాన్న నిలబడి ఉంటే వేశాడు కాబట్టి సిపాయికి నాన్న మీసాలొచ్చాయి. ఇక ఊరందరికీ ఆయన మిలిటరీ సుబ్బయ్య అయిపోయారు.

పొద్దున్నే అమ్మ రోటి ముందు కూర్చునేది. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, ఆఖర్న అల్లం వెల్లుల్లి. ఆ పొత్రం చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. నాన్న అప్పటికే మాంసం కడిగి పసుపు రాసి, పొయ్యిలో తుమ్మకట్టెలు సర్ది, ఖాకీ నిక్కరు మీద తువ్వాలు బిగించి ఉండేవారు. ఉల్లిపాయలు ఎర్రబడేదాకా ఆయన గరిటె ఇంకొకళ్ళకి ఇచ్చేవారు కాదు. ఉల్లిపాయ మాడితే ఊరు మాడినంత బాధ ఆయనకి. బోటీ కడగడానికి సున్నం నీళ్ళు, తలకాయ కాల్చడానికి వెనక దొడ్లో వేరే పొయ్యి. ఆ పొగ, మసాలా, తడిసిన కాన్వాసు వాసన కలిసి ఇల్లంతా పట్టుకునేవి. హోటల్ ముందు గదీ, వెనక రెండు గదుల్లో మేమూ. అమ్మ ఎంత కుంకుడు రసం పోసి తలంటినా నా జడలో ఆ వాసన పోయేది కాదు. బళ్ళో నా వెనక బల్ల మీద కూర్చునే పిల్ల ఒకరోజు నా జడ ఎత్తి పట్టుకుని, "దీన్ని ఉడకేస్తే కూరైపోద్ది" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను. ఆ సిగ్గుకి మొదలు ఎక్కడో వెతికితే ఆ జడ దగ్గరే దొరుకుతుంది నాకు.

నాన్న మాత్రం ఆ కొట్టులో రాజులా తిరిగేవారు. భోజనాల వేళకి ఈ సీసా భుజానికి తగిలించుకుని నాలుగు బల్లల మధ్యా ఆయనే నీళ్ళు పోసేవారు. లారీ డ్రైవర్లు ఆటపట్టించేవాళ్ళు. "ఏం మిలిటరీ, ఇయ్యాల యుద్ధం ఎవరితో?" "తలకాయతో. గెలిచా, ఇంక మీరు తినడమే తరువాయి" అనేవారు నాన్న. ఆ కాలంలో ఆ రోడ్డు మీద కొన్ని హోటళ్ళలో కొందరికి వేరే గ్లాసులు పెట్టేవారు, బయట కూర్చోబెట్టేవారు. మా దాంట్లో అందరికీ అవే అల్యూమినియం గిన్నెలు, అవే బల్లలు. దీన్ని నాన్న ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. "గిన్నెలు డజనే ఉన్నాయి, ఇంకెక్కడ తేను?" అనేవారు. ఎంతమంది నడివయసు మనుషులు ఆ మాటకి తల దించుకుని అన్నం కలుపుకునేవారో అప్పుడు నేను చూశాను గానీ నాకది పట్టలేదు. నాకు పట్టిందల్లా జడ వాసన.

గిన్నెలు మాయమవుతుంటే నాన్న వాటన్నిటినీ పాత్రల కొట్టుకి తీసుకెళ్ళి పేరు కొట్టించారు. పెళ్ళి బిందెల మీద పేర్లు కొట్టినట్టే, చిన్న సుత్తి, మొన తేలిన ఉలి, చుక్క పక్కన చుక్క. పూర్తిగా కొట్టడానికి చోటు చాలదని రెండక్షరాలు చేయించారు: మి. హో. మిలిటరీ హోటల్. ఈ సీసా మీదా అవే కొట్టించారు. సీసా అడుగున ముందు నుంచీ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు ఆయన నా చేత చదివించుకున్నారు. యు, ఎస్ అన్నాను. పకపకా నవ్వి, "చూశావా పాపా, ఉప్పల సుబ్బయ్య! అమెరికావోళ్ళు నా పేరు కొట్టి మరీ పంపిచ్చారు" అన్నారు. ఆ రోజు నుంచి ఆ హాస్యం ప్రతి కొత్త డ్రైవరుకీ వినిపించేవారు.

బడి చదువు అయ్యాక నన్ను గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో చేర్పించి హాస్టల్లో పెట్టారు. ఆ సీసాని నాన్నే నా ట్రంకు పెట్టెలో పెట్టారు, "కుండ నీళ్ళు పడతాయో పడవో, ఇందులో కాచిన నీళ్ళు పోసుకో" అని. దరఖాస్తు కాగితంలో తండ్రి వృత్తి అని ఒక గడి ఉంది. నా ముందు పిల్ల డాక్టరు అని రాసింది. దాని ముందు పిల్ల వకీలు అని రాసింది. నేను మిలిటరీ అని రాశాను. అక్కడ కలం ఆగింది. పక్కన చోటుంది. సిరా ఉంది. రెండో మాట రాయకుండా కాగితం ఇచ్చేశాను. వార్డెన్ గారు కళ్ళజోడు పైనుంచి చూసి, "మీ నాన్నగారు సైన్యంలోనా అమ్మా?" అని ఆప్యాయంగా అడిగారు. తల ఊపాను. నేను అబద్ధం ఆడలేదని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను. ఊరంతా ఆయన్ని మిలిటరీ అనే కదా పిలుస్తుంది అనుకున్నాను.

అది అక్కడితో ఆగిపోయేదేమో. ఇంతలో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. హాస్టలంతా సాయంత్రం రేడియో చుట్టూ చేరేది. జవాన్ల కోసం స్వెటర్లు అల్లేవారు, దుప్పట్లు పోగుచేసేవారు. రేడియోకి దగ్గరగా ఉన్న ఒక్క కుర్చీ నాకు వదిలేవారు. వంటామె నాకు మీగడ వేసేది. వార్తల్లో జవాన్లు చనిపోయారని చెబితే అందరూ నా వైపు చూసేవారు, నేను ఏడ్చేదాన్ని. నిజంగానే కన్నీళ్ళు వచ్చేవి. నాన్న ఆ సమయానికి క్షేమంగా ఉల్లిపాయలు వేయించుకుంటున్నారని తెలిసి కూడా ఏడ్చాను. ఎవరి కూతుళ్ళకో దక్కాల్సిన కుర్చీలో కూర్చుని, ఎవరికో వేయాల్సిన మీగడ తిన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

నా గదిలో ఉండే సరోజ ఒకరోజు సీసా చేతిలోకి తీసుకుంది. అడుగున అక్షరాలు చూసి ఇవేంటంది. మా నాన్న పేరు, ఉప్పల సుబ్బయ్య, సైన్యంలో అందరి సామాను మీదా ఇలాగే పేరు కొట్టి ఇస్తారన్నాను. నాన్న హాస్యాన్ని తెచ్చి సాక్ష్యం కింద పెట్టాను. సరోజ నమ్మింది. సీసా తిప్పి పక్కన చూసింది. "మి అంటే మిలిటరీ. మరి హో అంటే ఏందే?" అంది. ఆయన పని చేసిన ఊరు, పేరు బయటికి చెప్పకూడదు అన్నాను. అది కళ్ళు పెద్దవి చేసి, ఇంక అడగనని ఒట్టేసింది. మర్నాడు తెల్లారుతూనే నేను బట్టలుతికే రాయి దగ్గరికి వెళ్ళాను. ఇసక చల్లి, హో మీద నీళ్ళు పోసి రుద్దాను. మెత్తటి లోహం, తొందరగానే పోయింది. పక్కన మి అలాగే ఉంచాను. రుద్దుతున్నప్పుడు చేతికి నల్లటి మడ్డి అంటింది. సబ్బుతో కడుక్కుని కాలేజీకి వెళ్ళిపోయాను.

యుద్ధం అయిపోయిన కొన్నాళ్ళకి ఒక ఆదివారం నాన్న వచ్చారు. ముందు చెప్పలేదు. నాటుకోడి వేపుడు, గోంగూర, అమ్మ చేసిన సున్నుండలు క్యారేజీలో పెట్టుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలని ఇస్త్రీ ఖాకీ ప్యాంటు, ఖాకీ చొక్కా వేసుకుని వచ్చారు. మీసాలు దువ్వి ఉన్నాయి. గేటులో ఆయన్ని చూసిన పిల్లలు నా కోసం పరుగెత్తారు. నేను కిందికి వచ్చేసరికి వార్డెన్ గారు స్వయంగా ఎదురెళ్ళి కుర్చీ వేయించారు. నలభై మంది పిల్లలు వరండాలో చేరారు. నాన్నకి ఏమీ అర్థం కాలేదు. సరోజ నా సీసా తెచ్చి, "మీదేగా బాబాయ్ గారూ" అని ఆయన చేతికిచ్చింది. నాన్న దాన్ని ప్రేమగా తిప్పారు. బొటనవేలు చుక్కల మీదికి వెళ్ళి ఆగింది. మి మీద ఆగి, పక్కన నున్నగా ఉన్న చోటికి వెళ్ళి, మళ్ళీ మి మీదికి వచ్చింది. అప్పుడు తలెత్తి నా వైపు చూశారు. నేను నేల చూశాను.

"యుద్ధం గురించి మా పిల్లలకి రెండు మాటలు చెప్పండి" అన్నారు వార్డెన్ గారు. ఒక్క మాటతో నా బతుకు బయటపడిపోయేది. పరుగెత్తి మెట్ల కింద దాక్కుందామనిపించింది. నాన్న లేచి నిలబడ్డారు. సీసా పట్టీ సర్దుకుని భుజానికి తగిలించుకున్నారు, హోటల్లో తగిలించుకున్నట్టే. "నాకు మాట్టాడ్డం రాదమ్మా. నేను చేసిందేమీ లేదు. ఆకలన్నోళ్ళకి అన్నం పెట్టా. దాహమన్నోళ్ళకి నీళ్ళిచ్చా. అంతే" అన్నారు. వార్డెన్ గారు కళ్ళు తుడుచుకున్నారు. ఎంత అణకువో చూడండమ్మా అన్నారు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదని అక్కడున్న నలభై మందిలో నాకొక్కదానికే తెలుసు.

గేటు దాకా ఆయనతో నడిచాను. ఎందుకిలా చేశావని తిడతారనుకున్నాను. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. క్యారేజీ మూత బిగించి నా చేతికిచ్చి, సీసా తీసి నా భుజానికి తగిలించి, గొంతు తగ్గించి అడిగారు: "సరిగ్గా చెప్పానా పాపా?" నేను వెనక్కి తిరిగి చూశాను, పిల్లలెవరైనా విన్నారేమో అని. ఎవరూ లేరు. "ఊఁ" అన్నాను. ఆయన బస్సు ఎక్కారు. తర్వాత రెండేళ్ళు నేను ఆ హాస్టల్లో ఉన్నా ఒక్కసారి కూడా రాలేదు. తినుబండారాలు లారీ డ్రైవర్ల చేత పంపేవారు. ఒకసారి ఒక డ్రైవరు గేటు దగ్గర నాకు డబ్బా ఇస్తూ, "మిలిటరీ సుబ్బయ్య పంపాడని మాత్రమే చెప్పమన్నాడమ్మా మీ నాయన, హోటలు మాట ఎత్తొద్దన్నాడు. ఎందుకంటావా, ఏమో" అని నవ్వాడు. నేను డబ్బా తీసుకున్నాను. ఆ మాట ఆయన నోటి నుంచి కూడా నేనే తుడిచేశాను.

తర్వాత పెళ్ళయి మా ఆయనతో ఈ దేశం వచ్చాను. మా అమ్మాయి స్వాతి పుట్టకముందే నాన్న పోయారు, రెండేళ్ళకి అమ్మ పోయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టు పోయింది. సీసా మాత్రం నాతో వచ్చింది. స్వాతికి నాలుగేళ్ళప్పుడు ఇదేంటమ్మా అని అడిగితే, మీ తాతయ్య మిలిటరీలో వాడింది అన్నాను. అడిగింది నాలుగేళ్ళ పిల్ల, ఇక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు, అబద్ధంతో పని లేదు. అయినా నోటికి ఆ మాటే వచ్చింది. మా ఆయనకి సంగతి తెలుసు. నేను ఆ కథ చెబుతుంటే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. ఒకసారి ఊరికి తీసుకెళ్తే అక్కడివాళ్ళు, "మిలిటరీ సుబ్బయ్య మనవరాలా!" అని స్వాతిని ముద్దు చేశారు. ఇంక దానికి అనుమానం ఎందుకొస్తుంది?

ఇప్పుడు కాలం ఎంత వింతగా తిరిగిందంటే, ఇక్కడికి అరగంట దూరంలో మిలిటరీ భోజనం అని పెద్ద బోర్డు పెట్టి ఒక రెస్టారెంటు తెరిచారు. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన పిల్లలు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు వారాంతంలో గంట సేపు నిలబడి మరీ తింటారు. గోడకి అలంకారంగా పాత నీళ్ళ సీసాలు తగిలించారు. ఆ మధ్య స్వాతి నన్ను తీసుకెళ్ళింది. పక్క బల్ల దగ్గర ఒక కుర్రవాడు ఫోన్లో, "రేయ్, ఆథెంటిక్ అంటే ఇదిరా, స్మెల్ చూడు, కార్‌లో కూడా పోదు" అంటున్నాడు. నా జడలో నేను దాచుకోలేక చచ్చిన వాసనే అది. వాడు దాన్ని షర్టుకి అంటించుకుని గర్వంగా ఇంటికి తీసుకెళ్తున్నాడు. బోటీ వేపుడు ఎలా ఉందమ్మా అని స్వాతి అడిగింది. బాగుంది అన్నాను. బోటీ ఇంకాస్త సున్నం నీళ్ళలో నానాలని నాకు తెలుసు. ఎలా తెలుసని అడుగుతుందేమోనని అన్లేదు.

వాల్టర్ గారు గరాజులోకి పిలిచిన రోజు సాయంత్రం స్వాతి ఆఫీస్ నుంచి వచ్చేదాకా వంటింట్లో కూర్చున్నాను. రియా ఈత క్లాసులో ఉంది. స్వాతి బ్యాగు ఇంకా భుజానే ఉండగా మొత్తం చెప్పేశాను. కాగితం, కుర్చీ, మీగడ, రాయి, వరండా, గేటు. అది నిలబడే విన్నది.

"అమ్మా, నువ్వు జోక్ చేయట్లేదు కదా? కాలేజ్ అప్లికేషన్‌కి నా ఎస్సే మొత్తం అదే. తాతయ్య ఇనిషియల్స్ యు.ఎస్. అని, నేను పుట్టబోయే దేశం పేరు ఆయన యుద్ధంలో మోశాడని రాశాను. ఇంటర్వ్యూలో చెప్తే ఆవిడ ఏడ్చింది కూడా. నువ్వే కదా ప్రూఫ్ రీడ్ చేసింది!"

"నేనే" అన్నాను.

"ఒక్కసారి కూడా ఆపాలనిపించలేదా?"

అనిపించింది. పెన్సిలు పట్టుకుని ఆ పేరా దగ్గర చాలాసేపు ఆగాను, చివరికి ఒక కామా పెట్టి తిరిగిచ్చాను. అదీ చెప్పాను. స్వాతి బ్యాగు కిందికి దించి, కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది, చాలాసేపు కడుక్కుంది. తర్వాత వెనక్కి తిరగకుండానే అంది. "సరే, అయిపోయింది. రియాకి వార్ స్టోరీ వద్దు. తాతయ్యకి ఇండియాలో హోటల్ ఉండేదని చెప్పు. అది నిజమే కదా. ఇక్కడ హోటల్ అంటే ఎంత బాగుంటుంది, క్లాస్‌లో అందరూ వావ్ అంటారు. డిటెయిల్స్‌లోకి వెళ్ళకు." నేను పెంచిన పిల్లే. ఒక మాట ఎక్కడ ఆపాలో ఎవరూ నేర్పకుండానే దానికి వచ్చింది.

మర్నాడు ముగ్గురం ఎదురింటికి వెళ్ళాం. వాల్టర్ గారు అట్టముక్క సిద్ధంగా పెట్టుకున్నారు. ఏమిటిది అన్న లైను, ఎప్పటిది అన్న లైను నింపి ఉన్నాయి. సీసా బల్ల మీద తెల్లగుడ్డ మీద ఉంది. దాని ఖాకీ తొడుగు నుంచి, గది నిండా ఉన్న కాన్వాసు నుంచి, మా కొట్టులో వానాకాలం వాసనే వస్తోంది.

"రియా, మా నాన్న సైన్యంలో లేరమ్మా" అన్నాను, వాల్టర్ గారికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే. "నేను అబద్ధం చెప్పాను. మీ అమ్మకీ చెప్పాను, నీకూ చెప్పాను. ఆయనది మిలిటరీ హోటల్."

రియా ఒక క్షణం అర్థం చేసుకుని, "వెయిట్, హోటలా? స్విమ్మింగ్ పూల్ ఉందా అమ్మమ్మా? ఎన్ని రూమ్స్ ఉండేది?" అంది. వాల్టర్ గారు కూడా కనుబొమలెగరేసి, "హోటల్ యజమానా! అది చెప్పుకోదగ్గ సంగతే" అన్నారు. స్వాతి నా వైపు చూసింది. ఏమీ చేయక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. కాగితం మీద ఒక మాట తగ్గించి నాన్నని సిపాయిని చేశాను. ఈసారి ఒక్క మాట దగ్గర ఆగితే, అదీ నిజమైన మాటే, ఆయన పెద్ద భవనానికి యజమాని అయిపోతారు. ఇంకోసారి ఆయన్ని నాకు నచ్చినట్టు తయారుచేసుకోవచ్చు.

"గదులు లేవు" అన్నాను. "మా ఊళ్ళో హోటల్ అంటే అన్నం పెట్టే చోటు. నాలుగు బల్లలు. మేకల పేగులు, తలకాయలు ఆయన చేత్తో కడిగి వండేవారు. లారీ డ్రైవర్లు తినేవారు. ఎవరొచ్చినా అందరికీ ఒకటే గిన్నెలు. ఈ సీసా భుజానేసుకుని వాళ్ళకి నీళ్ళు పోసేవారు. ఇది బజార్లో కొన్నది." రుద్దిన చోటు చూపించాను. "ఇక్కడ హో అని ఉండేది. చెరిపింది ఆయన కాదు, నేను. మళ్ళీ కొట్టించాలని ఉంది. మీ దగ్గర ఉలి ఉందా?"

వాల్టర్ గారు సీసాని నా చేతికి అందకుండా కొంచెం వెనక్కి జరిపారు. "వద్దు మిస్ లక్ష్మీ. కొత్తగా కొడితే అది ఇవాళ్టి అక్షరం అవుతుంది, ఆనాటిది కాదు. చెరిపిన గుర్తు కూడా ఈ వస్తువుదే. అలాగే ఉండనివ్వండి" అన్నారు. రియా వేలితో ఆ నున్నటి చోటు తడిమి చూసింది. "హో" అంది, తన అమెరికా నాలుకతో కాస్త సాగదీసి. అంతకు మించి నన్నేమీ అడగలేదు. స్వాతి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. దాని ముఖంలో కోపం ఉందో ఇంకేం ఉందో నేను చూడలేకపోయాను.

మూడో లైను నాన్న వరండాలో అన్న మాటలతోనే చెప్పాను, వాల్టర్ గారు తల వంచి రాశారు. చోటు చాలక అట్ట వెనక్కి కూడా వెళ్ళారు. సామాను కొట్టులో పని చేసిన అలవాటు, రాసింది పైకి చదివి సరిచూసుకుంటారు. "మోసినవారు, సుబ్బయ్య. ఏ సైన్యంలోనూ లేరు. తన భోజనాల కొట్టులో ఆకలన్నవాళ్ళకి అన్నం పెట్టారు, దాహమన్నవాళ్ళకి ఈ సీసాతో నీళ్ళిచ్చారు. పక్కన చెరిపినది కూతురు." కలం మూత పెట్టి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "సరిగ్గా రాశానా?"

నా వెనక రియా ఉంది, స్వాతి ఉంది. ఎవరు వింటున్నారో అని ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు. సరిగ్గానే రాశారు అన్నాను. ఆ రోజు గేటు దగ్గర మా నాన్న అడిగినప్పుడు చెప్పాల్సిన జవాబు ఇదొక్కటే కాదు. నువ్వు సరిగ్గానే చెప్పావు, తప్పు చెప్పింది నేను నాన్నా, అనాల్సింది. నేను ఊఁ అన్నాను, ఆయన బస్సు ఎక్కి వెళ్ళిపోయారు.